తిరిగి లేవని పాత్రలు: వీడియో ఆటల కథల్లో మరణం

ఆటలో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు. ఆటలన్నిటికీ ఉన్న ఒడంబడిక ఇది. మన చెడుగుడులో పట్టుబడినవాణ్ణి ‘చచ్చాడు’ అంటాం. అవతలి పక్షంలో ఒకడు చస్తే ఇవతల ఒకడు లేచి వస్తాడు. ఈ పద్ధతిలో ఆడే కబడ్డీకి ‘సంజీవని’ అనే పేరే ఉంది. అష్టాచెమ్మాలో చచ్చిన కాయ ఇంటికి పోయి మళ్ళీ బయలుదేరుతుంది. వైకుంఠపాళిలో పెద్దపాము మింగితే అడుగుకు జారతామే తప్ప ఆటలోనుంచి పోము.

కథకు ఉన్న ఒడంబడిక వేరు. పద్మవ్యూహంలోకి దూరిన అభిమన్యుడు ఎన్ని తరాలవాళ్ళు ఎన్నిసార్లు విన్నా బయటకు రాడు. హరిదాసుగారు ఎంత కరుణతో చెప్పినా, వినేవాళ్ళు ఎంత కన్నీరు పెట్టుకున్నా, మరునాటి కథలో ఆ కుర్రవాడు ఉండడు. ఉండకపోవడమే ఆ కథకు బలం.

మరి ఒకే వస్తువు ఆటా అయి, కథా అయితే? అందులో ఒక ముఖ్యపాత్ర చనిపోతే, ఏ ఒడంబడిక చెల్లుతుంది? వీడియో ఆటలను తయారుచేసేవాళ్ళు నలభై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నతో పెనుగులాడుతున్నారు. ఆ పెనుగులాట చరిత్రను నాకు తెలిసినంతలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్య పత్రికలో ఈ గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే మా శాఖలో చనిపోయిన ఖాతాదారుల క్లెయిములు చూసే పని కొన్నేళ్ళు నా బల్లమీదే ఉండేది. మరణ ధ్రువపత్రం, నామినీ సంతకం, పాసుపుస్తకం సరిపోతే సొమ్ము ఇచ్చి ఖాతా మూసేస్తాం. మనిషి పోయాక ఏది వారసులకు అందుతుంది, ఏది అందదు అన్నది నాకు రోజూ ఎదురైన విషయం. మా అమ్మాయి ఆడుతుంటే పక్కన కూర్చుని ఈ ఆటల కథలు విన్నప్పుడు, అదే విషయం అక్కడా కనిపించింది. హోసూరులో పెరిగిన పిల్ల, బడిలో తమిళం, ఆటలో ఇంగ్లీషు. నాకు మాత్రం ఆ కథలన్నీ తెలుగులోనే చెప్పేది.

నాణెం ఖరీదు

వీడియో ఆటలు మొదట ఇంటి వస్తువులు కావు, అంగడి యంత్రాలు. 1978లో జపానుకు చెందిన టైటో సంస్థ ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే ఆటను విడుదల చేసింది. రూపకర్త తొమొహిరొ నిషికదొ. నూరు యెన్ల నాణెం వేస్తే ఆడేవాడికి మూడు ‘ప్రాణాలు’. మూడూ పోతే ఇంకో నాణెం వేయాలి. అంటే ఇక్కడ చావు యంత్రం యజమానికి రాబడి. ఆడేవాడు ఎంత తొందరగా చస్తే పెట్టె అంత తొందరగా నిండుతుంది. ఆ తరం ఆటలు పోనుపోను కష్టమయ్యేట్టు తయారు కావడానికి ఇదొక కారణం. ఇంతకూ చచ్చేది ఎవరు? పేరులేని ఒక ఫిరంగిబండి. దానికోసం ఎవరూ ఏడవలేదు.

ఆటలు ఇళ్ళలోకి వచ్చాక కూడా ఈ రుసుము పద్ధతి వెంటనే పోలేదు. 1986లో జపానులో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’లో కథానాయకుడు చస్తే రాజుగారి కొలువులో మళ్ళీ లేస్తాడు. చేతిలో ఉన్న బంగారంలో సగం మాత్రం పోతుంది. తరువాతి భాగాల్లో తోటివాళ్ళు చనిపోతే చర్చికి తీసుకుపోయి సొమ్ము కట్టి బతికించుకోవచ్చు. 1988 నాటి మూడవ భాగంలో బంగారం దాచుకునే చోటు ఒకటి పెట్టారు. అక్కడ దాచిన సొమ్ముకు చావువల్ల నష్టం లేదు. డిపాజిట్ల సేకరణకు ఇంతకు మించిన ప్రచారం మా బ్యాంకుల్లో ఎవరికీ తట్టలేదు!

హాస్యం అటుంచితే, ఈ దశలో చావు ఒక ఖర్చు మాత్రమే. కట్టేస్తే తీరిపోయేది. తీరిపోయే ఖర్చును ఎవరూ దుఃఖం అనరు.

ఒక మరమనిషి

ఈ లెక్క తప్పిన తొలి ఆటల్లో ఒకదానికి బొమ్మలే లేవు. 1983లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఉన్న ఇన్ఫోకామ్ అనే చిన్న సంస్థ ‘ప్లానెట్‌ఫాల్’ అనే ఆటను వెలువరించింది. రాసినవాడు స్టీవ్ మెరెట్స్కీ. తెరమీద అక్షరాలే ఉంటాయి. మనం ఏం చేయదలచుకున్నామో టైపు చేస్తే ఏం జరిగిందో ఆట చెబుతుంది. నిర్మానుష్యమైన ఒక గ్రహంమీద చిక్కుకున్న ఆటగాడికి ఫ్లాయిడ్ అనే మరమనిషి తోడు దొరుకుతాడు. చిన్నపిల్లవాడిలా గెంతుతాడు, విసిగిస్తాడు, ఆడుకుందాం రమ్మంటాడు. ఆటలో సగం సరదా వాడివల్లే.

చివరికి ఒక ప్రయోగశాలలో భయంకరమైన జీవుల మధ్య ఉన్న ఒక కార్డు కావలసివస్తుంది. ఫ్లాయిడ్ తానే లోపలికి పోయి దానిని తెచ్చి, ఛిద్రమై, ఆటగాడి చేతుల్లో ప్రాణం విడుస్తాడు. అక్షరాలు చదువుతూ ఒక యంత్రంకోసం కన్నీరు పెట్టుకున్నామని ఆ తరంవాళ్ళు తరువాత ఎన్నో చోట్ల చెప్పుకున్నారు. ఆట మంచిగా ముగిస్తే ఫ్లాయిడ్‌ను బాగుచేసి చివర్లో మళ్ళీ తీసుకువస్తారు. అయినా జనం గుర్తుంచుకున్నది ఆ చావునే, తిరిగి రావడాన్ని కాదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఫ్లాయిడ్ చనిపోతే ఆటగాడికి సొమ్ము పోలేదు, ఆట ఆగలేదు. గది మాత్రం నిశ్శబ్దమైపోయింది. అంతవరకూ విసుగు పుట్టించిన మాటలు ఇక వినిపించవు. రుసుము కాకుండా లోటు మిగిల్చిన చావు అది.

వారసులున్న చావు, లేని చావు

తరువాతి అధ్యాయం జపానుది. 1988లో స్క్వేర్ సంస్థ తెచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ రెండవ భాగంలో కథానాయకుల వెంట వచ్చే సహచరులు ఒక్కొక్కరే పోతుంటారు. దొర్లివస్తున్న బండను ఆపి మిగిలినవాళ్ళను తప్పించి జోసెఫ్ పోతాడు. ఒక మహామంత్రం ఉన్న తలుపు ముద్ర విప్పడానికి మిన్వు ప్రాణం ధారపోస్తాడు. ఈ వరుస ఆటల సృష్టికర్త హిరొనొబు సకగుచి. మూడవ భాగం తయారవుతున్న కాలంలో అతని తల్లి మరణించింది. ప్రాణం అంటే ఏమిటి, పోయినవాళ్ళు ఏమవుతారు అన్న ఆలోచన అప్పటినుంచి తన పనిలో చేరిందని అతను తరువాత చెప్పాడు.

1989లో సెగా సంస్థ ‘ఫాంటసీ స్టార్’ రెండవ భాగంలో నేయి అనే అమ్మాయి కథానాయకుడికి చెల్లెలిలా మొదటినుంచీ వెంట ఉంటుంది. తన రూపానికే మూలమైన మరొక జీవితో పోరాడి చనిపోతుంది. ఆ ఆటలో చనిపోయినవాళ్ళను మళ్ళీ తయారుచేసే ప్రయోగశాలలు ఊరూరా ఉన్నాయి. ఆ ప్రయోగశాలలు నేయిని మాత్రం తిరిగి తేలేవు.

1992లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అయిదవ భాగంలో కథానాయకుడు చిన్నపిల్లవాడు. తండ్రి పాపస్ మహాయోధుడు. శత్రువు పిల్లవాడి మెడమీద ఆయుధం పెడితే తండ్రి చేతులు దించేస్తాడు. కొడుతుంటే ఎదురు కొట్టడు. ఆడేవాడి చేతిలో మీటలు ఉన్నాయి, కాని అవి పనిచేయవు. తండ్రి చచ్చిపోతుంటే చూస్తూ ఉండాలి. ఆట అంటే ఏదో ఒకటి చేయగలగడం. ఏమీ చేయలేకపోవడాన్ని అక్కడ కథగా మార్చారు.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఫైనల్ ఫాంటసీ అయిదవ భాగంలో గలుఫ్ అనే ముసలాయన శత్రువును ఒంటరిగా ఎదిరిస్తాడు. శక్తి సున్నాకు పడిపోయినా పోరాడతాడు. ఆ తరువాత తోటివాళ్ళు చేరి మందులు, మంత్రాలు, ప్రాణం పోసే ఈక, అన్నీ ఒకటి తరువాత ఒకటి ప్రయోగిస్తారు. ఏదీ పనిచేయదు. ఆటలో అంతవరకూ ఎన్నోసార్లు పనిచేసినవే అవి. ఆట తన చట్టాన్ని తానే పిలిచి ‘ఇక్కడ నీకు అధికారం లేదు’ అని చెప్పినట్టు ఉంటుంది.

అయితే గలుఫ్‌కు మనవరాలు ఉంది. పేరు క్రుల్. తాత సంపాదించిన శక్తియుక్తులన్నీ ఆ పిల్లకు సంక్రమిస్తాయి. ఆడేవాడు గలుఫ్‌మీద పెట్టిన గంటల శ్రమలో ఒక్క పైసా పోదు. మా భాషలో చెప్పాలంటే నామినేషను చక్కగా నమోదైన ఖాతా. మనిషి పోయాడు, నిల్వ మిగిలింది. ఆడేవాళ్ళు గలుఫ్‌కోసం బాధపడ్డారు గాని, నష్టపోలేదు. బాధా నష్టమూ కలిసి రావడానికి మరో నాలుగేళ్ళు పట్టింది.

ఎయిరిత్

1997 జనవరి 31న జపానులో ఫైనల్ ఫాంటసీ ఏడవ భాగం విడుదలైంది. అదే సెప్టెంబరులో అమెరికాకు వెళ్ళింది. సోనీ ప్లేస్టేషను యంత్రంమీద మూడు సి.డి.ల ఆట. దర్శకుడు యొషినొరి కితసె, పాత్రలు గీసినవాడు తెత్సుయ నొముర, సంగీతం నొబువొ ఉయెమత్సు. పూలమ్ముకునే అమ్మాయి ఎయిరిత్ అందులో ఒక ముఖ్యపాత్ర. నవ్విస్తుంది, ఎదురు మాట్లాడుతుంది, గాయపడినవాళ్ళను బాగుచేసే విద్య ఆమెది. చాలామంది ఆమెను తమ జట్టులో తప్పనిసరిగా ఉంచుకుని, శ్రమపడి ఆమె విద్యలను పెంచారు.

మొదటి సి.డి. చివర, పాడుబడిన ఒక ప్రాచీన నగరంలో, నీటి నడుమ వేదికమీద ఆమె ప్రార్థన చేస్తూ ఉంటుంది. పైనుంచి సెఫిరోత్ దిగి కత్తితో పొడుస్తాడు. అంతే. పోరాటం లేదు, వీరవాక్యాలు లేవు. ఆమె జడలోని తెల్లని రత్నం జారి, మెట్టుమెట్టుకూ ఎగిరిపడుతూ నీళ్ళలో కలిసిపోతుంది. వెంటనే శత్రువుతో పోరాటం మొదలవుతుంది. మామూలుగా అక్కడ వినిపించవలసిన యుద్ధసంగీతం వినిపించదు. ఆమె సంగీతమే పోరాటం పొడుగునా సాగుతుంది. తరువాత కథానాయకుడు క్లౌడ్ ఆమె దేహాన్ని ఎత్తుకుపోయి నీళ్ళలో విడుస్తాడు.

ఇలా ఎందుకు చేశారని అడిగితే కితసె చెప్పిన కారణం ఆలోచించదగింది. సినిమాల్లో, ఆటల్లో పాత్రలు ప్రియమైనవాళ్ళకోసం గొప్పగా త్యాగం చేసి పోతారు. నిజజీవితంలో మరణం అలా రాదు, జబ్బుచేసో ప్రమాదంలోనో హఠాత్తుగా వస్తుంది. గొప్ప భావమేమీ మిగల్చదు, ఒక ఖాళీని మిగులుస్తుంది. ముందే తెలిసి ఉంటే వేరుగా నడుచుకునేవాణ్ణి కదా అనిపిస్తుంది. ఆ ఖాళీని ఆడేవాళ్ళకు అందించడమే తమ ఉద్దేశమని ఆయన సారాంశం.

ఆ ఖాళీని అందించడానికి ఆటకు మాత్రమే ఉన్న ఒక సాధనం ఉపయోగపడింది. నవలలో పాత్ర చనిపోతే మనకు మిగిలిన పేజీలు మిగిలే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. ఎయిరిత్ ధరించిన రత్నాలు జట్టు సంచిలోకి తిరిగివస్తాయి. ఆమె నేర్చిన విద్యలు రావు. ఆమె కోసం కొని ఉంచిన కర్ర మరెవరి చేతికీ పనికిరాదు. ఇక్కడ క్రుల్‌లాంటి మనవరాలు లేదు. ఆ తరువాతి పోరాటాల్లో దెబ్బతిన్న ప్రతిసారీ, బాగుచేసే మనిషి లేదన్న సంగతి గుర్తుకువస్తుంది. మా అమ్మాయి ఆ ఘట్టం ఆడిన రాత్రి ఏడవలేదు. “నాన్నా, ఆవిడకు అంత నేర్పించాను కదా, అదంతా ఏమైనట్టు?” అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నను నేను కౌంటరుకు ఇవతల కూర్చుని వేరే మాటల్లో విన్నాను. క్లెయిము సొమ్ము తీసుకునేటప్పుడు చాలామంది ఎంత వచ్చిందని లెక్కపెట్టరు. పాసుపుస్తకం తిరిగి ఇస్తారా అని అడుగుతారు. సొమ్ము చేరింది. చేరనిది మరేదో ఉందని వాళ్ళకు తెలుసు, మాకూ తెలుసు. దానికి ఫారం లేదు.

ఎయిరిత్‌ను బతికించే రహస్యమార్గం ఒకటి ఆటలో ఎక్కడో దాగి ఉందని ఏళ్ళ తరబడి పుకార్లు నడిచాయి. ఫలానా వస్తువు సంపాదిస్తే లేస్తుందని, ఫలానా చోటికి ఇన్నిసార్లు పోతే కనబడుతుందని. ఏదీ నిజం కాదు. ఇదీ సహజమే. ఆటలో చచ్చినవాడు లేవాలి. లేవలేదంటే ఎక్కడో పద్దు కుదరలేదని జనం అనుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆ కథను కొత్తగా తీసిన ‘రీబర్త్’ వచ్చినప్పుడు, ఈసారైనా బతుకుతుందా అన్నదే అందరి ప్రశ్న. తయారుచేసినవాళ్ళు ఆ మరణాన్ని తీసివేయలేదు. క్లౌడ్ చూపులో మాత్రం ఆమె ఉన్నట్టూ లేనట్టూ మసక చేశారు. 27 ఏళ్ళ తరువాత కూడా జనం ఆ ఒక్క చావు దగ్గరే నిలబడి ఉండడం నాకు ఆశ్చర్యమనిపించలేదు.

చెరిపివేసే హక్కు

ఇంతవరకూ చెప్పినవన్నీ కథకుడు నిర్ణయించిన చావులు. మరో దారి ఉంది. చావును ఆట నియమానికే వదిలేయడం. 1980 నాటి ‘రోగ్’ అనే ఆటలో చస్తే మొదటికే పోవాలి. 1990లో జపానులో వచ్చిన ‘ఫైర్ ఎంబ్లెమ్’ యుద్ధక్రీడలో సైనికులకు పేర్లు, ముఖాలు, మాటలు ఉంటాయి. మన ఎత్తు తప్పితే ఆ మనిషి పోతాడు, మిగిలిన కథ అతను లేకుండా సాగుతుంది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన ‘వింగ్ కమాండర్’లో తోటి పైలట్ చనిపోతే అంత్యక్రియల దృశ్యం చూపేవారు. ఇక్కడ చావుకు బాధ్యుడు రచయిత కాదు, ఆడేవాడు.

అయితే ఆడేవాడి చేతిలో ఒక రబ్బరు ఉంది. ఆటను నడుమ భద్రపరచుకునే సౌకర్యం. ప్రియమైన సైనికుడు పోగానే యంత్రం ఆపి, పాత ఘట్టంనుంచి మళ్ళీ మొదలుపెట్టడం అందరూ చేసే పనే. ఇక ఆ చావు ఎవరి లెక్కలోనూ లేదు. 2010 నుంచి ఫైర్ ఎంబ్లెమ్ తయారీదారులే పడినవాళ్ళు తరువాతి ఘట్టంలో లేచివచ్చే పద్ధతి ఒకటి ఇచ్చారు. కావలసినవాళ్ళు అది ఎంచుకోవచ్చు. సంజీవని కబడ్డీ మళ్ళీ వచ్చిందన్నమాట.

ఈ రబ్బరును ప్రశ్నించిన ఆట 2015లో వచ్చింది. టోబీ ఫాక్స్ అనే అమెరికా యువకుడు చేసిన ‘అండర్‌టేల్’. మొదట్లోనే టోరియెల్ అనే తల్లివంటి పాత్ర దారికి అడ్డు నిలుస్తుంది. చాలామంది వేరే దారి తెలియక ఆమెను చంపేస్తారు. బాధపడి, ఆట ఆపి, వెనక్కు పోయి, ఈసారి చంపకుండా దాటిపోతారు. అప్పుడు మరో పాత్ర ఎదురై, నువ్వు ఆమెను చంపి, పశ్చాత్తాపపడి వెనక్కు వచ్చిన సంగతి నాకు తెలుసునన్నట్టు మాట్లాడుతుంది. చెరిపివేశాననుకున్నది చెరగలేదు.

మా వృత్తిలో ఇది పసిపాఠం. లెడ్జరులో పడిన పద్దును గీకడానికి, దిద్దడానికి వీల్లేదు. సరిచేయాలంటే ఎదురుపద్దు వేస్తాం. నిల్వ మొదటికి వస్తుంది, కాని రెండు పద్దులూ తేదీలతో సహా పుస్తకంలో నిలిచే ఉంటాయి. ఆడిటరుకు రెండూ కనిపిస్తాయి. జరిగినదాన్ని సరిచేయవచ్చు, జరగలేదని అనరాదు. అండర్‌టేల్ ఆటగాడి చేతిలోని రబ్బరు లాక్కోలేదు. ఆడిటరును మాత్రం నియమించింది.

ఎవరి చేయి?

సంస్కృత నాటక సంప్రదాయంలో మరణాన్ని రంగంమీద చూపకూడదన్నది నియమం. భాసుడి ‘ఊరుభంగం’ లాంటి కొన్ని నాటకాలు ఆ నియమాన్ని దాటాయి. చూపడమా మానడమా అన్నదే అక్కడ చర్చ. ఆటలు తెచ్చిన ప్రశ్న వేరు: ఆ పని ప్రేక్షకుడి చేత చేయించవచ్చునా?

2004లో హిదెఒ కొజిమ దర్శకత్వంలో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ మూడవ భాగంలో కథానాయకుడు తనకు విద్య నేర్పిన గురువునే, ‘ది బాస్’ అనే స్త్రీని, దేశం ఆజ్ఞమీద చంపవలసివస్తుంది. చివరి పోరాటంలో ఆమె పూలతోటలో పడిపోతుంది. తుపాకి ఆమెకు గురిపెట్టి ఉంటుంది. దృశ్యం అక్కడ ఆగిపోతుంది. ఆడేవాడు మీట నొక్కితేనే గుండు పేలుతుంది. నొక్కేదాకా తెర ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆమె ద్రోహి కాదని, దేశంకోసమే ద్రోహి అన్న పేరు మోసిందని తరువాతగాని తెలియదు.

2012లో టెల్‌టేల్ సంస్థ అయిదు భాగాలుగా తెచ్చిన ‘ది వాకింగ్ డెడ్’లో లీ అనే మనిషి, తల్లిదండ్రులు దగ్గర లేని క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ళ పాపను కాపాడుతూ వస్తాడు. చివరికి అతనికే విషపు కాటు తగులుతుంది. బతికే మార్గం లేదు. ఆడేవాడికి మిగిలిన స్వేచ్ఛ ఒక్కటే: ఆ పాపకు ఆఖరి మాటలు ఏం చెప్పాలి, తనను కాల్చమనాలా, అలాగే వదిలి వెళ్ళమనాలా. గెలుపోటములు లేని చోట ఇచ్చిన ఈ చిన్న స్వేచ్ఛ ఎంతో బరువైనది. ఆసుపత్రి వరండాల్లో నిలబడినవాళ్ళకు మిగిలేది కూడా ఇంతేకదా.

ఒక బాకీ కథ

నన్ను బాగా పట్టి ఉంచిన మరణం 2018 అక్టోబరులో రాక్‌స్టార్ సంస్థ విడుదల చేసిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ రెండవ భాగంలోది. కథాకాలం 1899, స్థలం అమెరికా. ఆర్థర్ మోర్గన్ ఒక దోపిడి ముఠా మనిషి. ముఠాలో స్ట్రాస్ అనేవాడు పేదలకు అప్పులిస్తాడు, ఆర్థర్ వసూలు చేస్తాడు. డౌన్స్ అనే జబ్బుమనిషి దగ్గరకు వెళ్ళి, బాకీ కోసం కొడతాడు. అతను ఆర్థర్ ముఖంమీద దగ్గుతాడు. ఆడేవాళ్ళు ఆ క్షణాన్ని పట్టించుకోరు. చిన్న వసూలు పని, అయిపోయింది. తరువాత డౌన్స్ చనిపోతే అతని భార్య దగ్గరకూ పోయి మిగిలిన బాకీ తీసుకుంటాడు.

ఎన్నో గంటల ఆట తరువాత ఆర్థర్ దగ్గుతూ వీధిలో పడిపోతాడు. డాక్టరు క్షయ అంటాడు. ఆ క్రిమిని రాబర్ట్ కోచ్ 1882లోనే కనిపెట్టాడు. మందు స్ట్రెప్టోమైసిన్ మాత్రం 1943లోగాని బయటపడలేదు. 1899లో అది మరణశిక్షే. అక్కడినుంచి ఆడేవాడు చస్తున్న మనిషిని నడిపించాలి. మనిషి చిక్కిపోతాడు, దగ్గు ఆగదు. మంచిగా ఆడినా చెడుగా ఆడినా చావు తప్పదు. మంచితనాన్నిబట్టి ఆ చావు తీరు మాత్రం మారుతుంది. బాకీదారులను వదిలేసి, స్ట్రాస్‌ను ముఠానుంచి గెంటివేసే ఘట్టాలు, డౌన్స్ భార్యాబిడ్డలకు సాయపడే ఘట్టాలు ఈ ఆఖరి దశలోనే వస్తాయి.

నేను కొంతకాలం గ్రామీణ శాఖలో బాకీల వసూలుకు ఊళ్ళు తిరిగాను. మేము ఎవరినీ కొట్టం, మాకు నిబంధనలున్నాయి. అప్పు చేసినవాడు పోతే, వారసుల బాధ్యత వాళ్ళకు సంక్రమించిన ఆస్తి మేరకే అని మన చట్టం చెబుతుంది. అయినా గడపలో నిలబడి బాకీ మాట ఎత్తేటప్పుడు లోపలినుంచి దగ్గు వినిపిస్తే, ఆ వినికిడికి నిబంధనల్లో చోటు లేదు. ఆర్థర్ కథ రాసినవాళ్ళు చోటు ఇచ్చారు. వసూలు చేసిన బాకీ కంటే పెద్ద బాకీని అతను ఆ ఇంటినుంచి మోసుకువచ్చాడు. దానిని ఆడేవాడి చేతులతోనే మోయించారు. ఈ ఆటలో ప్రధానపాత్ర మరణం రుసుమూ కాదు, నష్టమూ కాదు. తీర్చవలసిన రుణం.

అవతలివాడి ఖాతా

2020 జూన్‌లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండవ భాగం ఇదే దారిలో ఇంకో అడుగు వేసి పెద్ద గొడవకు కారణమైంది. 2013 నాటి మొదటి భాగంలో జోయెల్ అనే మనిషి ఎల్లీ అనే అమ్మాయిని కూతురిలా కాపాడాడు. చివర్లో ఆమెకోసం ఒక ఆసుపత్రిలో చాలామందిని చంపాడు. వాళ్ళలో ఒకరు డాక్టరు. రెండవ భాగం మొదట్లోనే ఆ డాక్టరు కూతురు అబీ వచ్చి జోయెల్‌ను ఎల్లీ కళ్ళముందే కొట్టి చంపుతుంది. కథ విడుదలకు ముందే బయటికి పొక్కి కోపాలు రేగాయి. అబీకి గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి.

అంత కోపం తెప్పించింది చావు ఒక్కటే కాదని నా అభిప్రాయం. ఆట నడిమధ్యలో ఆడేవాడి చేతికి అబీనే ఇచ్చారు. జోయెల్‌ను చంపిన మనిషి కళ్ళతో, కాళ్ళతో గంటల తరబడి నడవాలి. ఆమెకూ తండ్రి ఉన్నాడని, స్నేహితులున్నారని తెలుసుకోవాలి. మొదటి ఆటలో మనం పేరడగకుండా చంపిన డాక్టరు ఆమె తండ్రే. ప్రతి జమకూ ఎక్కడో ఒక ఖర్చు ఉంటుందన్నది జంటపద్దు విధానంలో మొదటి సూత్రం. మన పుస్తకంలో గెలుపుగా రాసుకున్నది మరొకరి పుస్తకంలో మరణంగా నమోదై ఉంది. ఆ పుస్తకం తెరిచి చూపడం చాలామందికి సహించలేదు.

ముగింపు

మొత్తంమీద ఈ చరిత్ర నాకు ఇలా కనిపిస్తుంది. 1978లో చావు నాణెం ఖరీదు. 1983లో ఫ్లాయిడ్‌తో అది లోటు అయింది. 1997లో ఎయిరిత్‌తో వారసులు లేని నష్టమైంది. ఆ తరువాత వచ్చిన ఆటల్లో ఆడేవాడి బాధ్యతగా మారింది. ఆట ఒడంబడిక, కథ ఒడంబడిక రెండూ నేటికీ రాజీపడలేదు. పడవనే అనుకుంటున్నాను. చచ్చినవాడు లేవాలన్న ఆశ ఆటది, లేవడన్న ఎరుక కథది. ఆ రెండిటి మధ్య నిలిచిన పాత్రలే మనసులో మిగిలాయి.

తోలుబొమ్మలాటలో రావణుడు పడినా, బుర్రకథలో బాలచంద్రుడు పడినా, మన పెద్దలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకునే చూశారు. పిల్లలు అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పారు. ఎల్లలకు ఇవతల ఉన్న మన ఇళ్ళలో ఆ కళలు తగ్గిపోయాయి. పిల్లలు తలుపులు మూసుకుని తెరముందు కూర్చుంటున్నారు. అక్కడా ఎవరో చనిపోతున్నారు, అక్కడా వాళ్ళకు ప్రశ్నలు పుడుతున్నాయి. ఏ భాషలో ఆడినా సరే, ఆ ప్రశ్నను మనతో మన భాషలో అడగగలిగేటంత దగ్గరలో మనం కూర్చుని ఉండాలి. “అంత నేర్పించాను కదా, అదంతా ఏమైనట్టు?” అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. కాని ఆ రాత్రి మా తల్లి పోయిన సంగతి, ఆవిడ నాకు నేర్పిన లెక్కల సంగతి చాలాసేపు మాట్లాడుకున్నాం.